రాయా, ఇనుమా, బూడిదా? మన దగ్గర ఇన్‌స్టలేషన్‌కు ఏ సరుకు ఎంచుకోవాలి

ఈసారి ఎండాకాలం సెలవులకు ముందు ఇద్దరు వచ్చి అడిగారు. ఒకరు హనుమకొండ దగ్గరి ఊళ్లో ప్రభుత్వ బడి హెడ్మాస్టర్. బడి గేటు పక్కన ఇరవై అడుగుల ఖాళీ జాగా ఉంది. పూర్వ విద్యార్థులు కొంత డబ్బు పోగుచేశారు. పాత సామానుతో అక్కడ ఏదైనా కట్టించాలని ఆయన కోరిక. రెండో మనిషి ఫైన్ ఆర్ట్స్ చదివే అమ్మాయి. కరీంనగర్‌లో ఒక హాల్లో వారం రోజుల ప్రదర్శనకు గది నిండా ఒక పని చెయ్యాలి. ఇద్దరి ప్రశ్నా ఒకటే: “సార్, ఏ మెటీరియల్ అయితే మంచిది?”

ఇద్దరికీ ఒకే జవాబు చెప్పలేను. విగ్రహమైతే దిమ్మె మీద నిలబడుతుంది, మనం చుట్టూ తిరిగి చూసి వచ్చేస్తాం. ఇన్‌స్టలేషన్ అలా కాదు, ఆ జాగానంతా తనలో కలుపుకుంటుంది. దాని కిందినుంచి నడుస్తాం, మధ్యలో నిలబడతాం, పిల్లలైతే ఎక్కి కూర్చుంటారు. అందుకే సరుకు మాట ఎత్తకముందే నేను నాలుగు ప్రశ్నలు అడుగుతాను. ఎండలోనా, నీడలోనా? వారమా, ఇరవై ఏళ్లా? పిల్లలు ముట్టుకుంటారా? ఏటేటా రంగు డబ్బా పట్టుకుని వచ్చేది ఎవరు?

ఇవన్నీ విన్నాక నా చూపు పోయేది అతుకు మీదికే. ఇన్నేళ్లలో నేను చూసిన పాడైన పనుల్లో రాయి తనంతట తాను పాడైంది లేదు, ఇనుమూ అంతే. ఊడిందీ పగిలిందీ ఎప్పుడూ రెండు వస్తువులు కలిసే చోటే. కాబట్టి కింది పోలికంతా రాయి ఎంత బాగుంది, ఇనుము ఎంత బాగుంది అని కాకుండా, ఏది దేనితో ఎలా అతుకుతుంది అన్న లెక్కన చదవండి.

పాలంపేట రామప్ప గుడికి వెళ్లినప్పుడు శిల్పాలతో పాటు ఇంకో సంగతి కూడా చూడండి. పునాదిలో ఇసుక, గుడికి ఎర్ర ఇసుకరాయి, సన్నటి చెక్కడం రావాల్సిన స్తంభాలకూ మదనికలకూ (చూరు కింది స్త్రీమూర్తులకూ) గట్టి నల్లరాయి, అన్నిటికన్నా పైన శిఖరానికి నీళ్లమీద తేలేంత తేలికైన ఇటుక. 1213 నాటి గుడి అది. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కట్టినవాళ్లు ఒక్క రాయితోనే అంతా లాగించాలని చూడలేదు. బరువు కింద, తేలిక పైన, చెక్కడం ఉన్నచోట అందుకు తగ్గ రాయి. పాత సామానుతో చేసే పనికి కూడా నాకు ఇంతకన్నా మంచి నమూనా కనపడలేదు.

గ్రానైట్ ముక్కలు

కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్‌కు కొదవలేదు. గోధుమరంగు మీద నల్లటి మచ్చలుండే టాన్ బ్రౌన్ ఇక్కడిదే, దేశదేశాలకు పోతుంది. క్వారీలోనూ కటింగ్ యూనిట్‌లోనూ పనికిరాదని పక్కన పడేసే రాయి గుట్టలు గుట్టలుగా ఉంటుంది. మనకు కావలసింది ఆ గుట్టే.

ఆ గుట్టలో నాకు బాగా ఇష్టమైనది, బ్లాకును కోసేటప్పుడు మొట్టమొదట ఊడివచ్చే చెక్క. ఒకవైపు రంపం కోసిన నున్నటి మొహం. రెండోవైపు క్వారీలో చీల్చిన గరుకు మొహం, దాని మీద డ్రిల్లు దిగిన సగం గొట్టంలాంటి గాళ్లు వరసగా. వేలు పెట్టి కిందికి లాగితే ఆ గాడిలో నున్నగా జారుతుంది, గాడి దాటగానే గీసుకుంటుంది. రాయిని మనిషి ఎలా విడదీశాడో ఆ గాళ్లే చెబుతాయి. అందుకే అలాంటి చెక్కలకు పాలిష్ పట్టించకండి. పాలిష్ చేస్తే అది వంటింటి గట్టు అయిపోతుంది.

ఎంచుకునేటప్పుడు సుత్తితో మెల్లగా తట్టి చూడండి. యూనిట్‌లో ఒక పెద్దాయన నాకు నేర్పింది ఇదే: “కొట్టి సూడుండ్రి సార్, గంట లెక్క మోగాలె.” లోపల కనపడని నెర్రె ఉంటే శబ్దం చచ్చుగా వస్తుంది. అలాంటి ముక్క నేలమీద పరచడానికి పర్వాలేదు, నిలబెట్టడానికి మాత్రం వద్దు.

బరువు విషయంలో చాలామంది లెక్క తప్పుతారు. ఘనపుటడుగు గ్రానైట్ సుమారు 75 కిలోలు. 20 మిల్లీమీటర్ల పలక చదరపు అడుక్కి దాదాపు ఐదు కిలోలు. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఉన్న అడుగు మందం చెక్క అంటే టన్నుకు పైమాటే. రాయి ఉచితంగా ఇచ్చినా లారీ, క్రేను, హమాలీ ఖర్చు ఉచితం కాదు. బడ్జెట్ వేసేటప్పుడు రాయి ధర కన్నా ముందు దాన్ని దించే ఖర్చు రాసుకోండి.

ఇక అతుకు. రాయికి రాయిని గమ్‌తో అంటిస్తే చాలనుకుంటారు. ఇంట్లో, నీడలో అయితే ఏదో చెల్లుతుంది. బయట మాత్రం నమ్మకండి. మామూలు గది వేడికి గట్టిపడే ఎపాక్సీ గమ్‌లు చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడతాయి. రామగుండం ఎండలో ముదురు రంగు రాయి మధ్యాహ్నం ఒంటిగంటకు చెయ్యి ఆననివ్వదు, ఆ వేడి మీకు తెలిసిందే. బరువు మోసే ప్రతి అతుక్కీ రెండు రాళ్లలోనూ రంధ్రం చేసి లోపల కడ్డీ దించాలి. గమ్ ఆ కడ్డీని కదలకుండా పట్టుకోవడానికే.

ఆ కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీలుదే కావాలి. ఇంటి స్లాబుకు వాడే మామూలు ఇనుప చువ్వ మిగిలింది కదా అని దించేస్తే కొన్నేళ్లలో రాయే పగులుతుంది. ఇనుము కన్నా తుప్పు ఎక్కువ చోటు తీసుకుంటుంది, రాయి లోపలినుంచి ఆ ఉబ్బును తట్టుకోలేదు. ఏథెన్స్‌లోని పార్థెనాన్‌కు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మరమ్మతు చేసినవాళ్లు ఇనుప పట్టీలు వాడితే అవి తుప్పు పట్టి, ఉబ్బి, పాలరాతిని పగలగొట్టాయి. తర్వాత వచ్చినవాళ్లు వాటిని తీసేసి టైటానియం వేసుకుంటూ రావలసి వచ్చింది. మనకు టైటానియం అక్కర్లేదు గానీ, పది స్టెయిన్‌లెస్ కడ్డీల దగ్గర పొదుపు చెయ్యకండి.

రాయి కొయ్యడం విషయంలో నేను రాజీ పడను. పొడిగా గ్రైండర్ పెట్టి కోస్తే లేచే తెల్లదుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక నయం చేసే మందు లేదు. నీళ్లు పోస్తూ కొయ్యాలి, ముక్కుకు సరైన మాస్కు కట్టాలి. మొహానికి చుట్టుకున్న తువ్వాల మాస్కు కాదు. బడి పిల్లలతో రాయి కోయించే ఆలోచనే వద్దు. కోసిన ముక్కలు తెచ్చి పేర్చడం వరకే వాళ్ల పని.

పాత ఇనుము

ఎక్కువమంది మొగ్గు ఇటే. కిలోల లెక్కన దొరుకుతుంది, వెల్డింగ్ షాపు ప్రతి ఊళ్లో ఉంది, చెయ్యి తిరిగినవాడు నాలుగు రోజుల్లో నెమలిని నిలబెడతాడు. నేనూ ఇనుము పక్షమే. పైగా మన ప్రాంతానికి ఒక అనుకూలం ఉంది. సముద్రం దూరం కాబట్టి ఉప్పుగాలి లేదు. విశాఖలో పెట్టిన ఇనుము కన్నా వరంగల్‌లో పెట్టిన ఇనుము నెమ్మదిగా తుప్పు పడుతుంది.

కానీ ‘పాత ఇనుము’ అన్న ఒక్క మాట కింద నాలుగైదు రకాల లోహాలు ఉంటాయి. ఆ తేడా తెలియక నేనే ఒకసారి దెబ్బతిన్నాను. సిరిసిల్లలో పాత సాంచాలు, అంటే మరమగ్గాలు, తుక్కు కింద అమ్ముతున్నారంటే వెళ్లి ఒకదాని పక్క ఫ్రేములు, పళ్ల చక్రాలు, కొన్ని నాడెలు తెచ్చుకున్నాను. పెద్ద చక్రం ఎంత అందంగా ఉందంటే, దాని పళ్ల మధ్య ఏళ్లతరబడి చేరిన నూనె, నూలు దుమ్ము కలిసి నల్లటి నమదాలా గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే లోపల తెల్లటి దారం పోగు ఇంకా చెక్కుచెదరకుండా కనపడింది. ఆ చక్రాన్ని మామూలు రాడ్‌తో ఇనుప పైపుకు వెల్డింగ్ చేయించాను. సాయంత్రానికి బ్రహ్మాండంగా నిలబడింది. రాత్రి పడుకోబోతుంటే వరండాలో ‘టప్’మని చప్పుడు. వెళ్లి చూస్తే అతుకు వెంబడి వెంట్రుకంత పగులు, పొద్దుటికి చక్రం కింద పడి ఉంది. వేరే షాపులో ఒక వెల్డరన్నకు చూపిస్తే విరిగిన మొహం చూసే చెప్పేశాడు: “గది బీడు సార్. దానికి గీ రాడు పట్టది. పట్టినట్టె కొడ్తది, సల్లారినంక ఇడుస్తది.”

బీడు, అంటే పోత ఇనుము. అందులో కార్బన్ ఎక్కువ. వేడికి సాగదు, చల్లారేటప్పుడు పగులుతుంది. దాన్ని అతకాలంటే నికెల్ రాడ్ కావాలి, ముందుగా వేడి చెయ్యాలి, తర్వాత మెల్లగా చల్లారనివ్వాలి. ఖర్చూ ఎక్కువ, ఓపికా ఎక్కువ. అంతకన్నా సుఖమైన దారి బోల్టు. బీడు ముక్కకు రంధ్రం చేసి బోల్టు, వాషరు వేసి బిగిస్తే ఏ గొడవా లేదు. రేపు ఒక భాగం మార్చాలన్నా విప్పుకోవచ్చు.

ఏది బీడో గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. గ్రైండర్ ఆనిస్తే మామూలు ఇనుము పొడవాటి పసుపు, తెలుపు రవ్వలు చిమ్ముతుంది. బీడు రవ్వలు ఎర్రగా, పొట్టిగా ఉండి దగ్గర్లోనే ఆరిపోతాయి. సాంచా పక్క ఫ్రేములు, పాత మోటారు బాడీలు, మ్యాన్‌హోల్ మూతలు చాలావరకు బీడే. బేరింగులది ఇంకో తీరు. అది గట్టిపరచిన స్టీలు, వెల్డింగ్ అంటుకుంటుంది గానీ అతుకు పెళుసుగా ఉంటుంది. బేరింగులను కళ్లకో పూసలకో పెట్టండి, బరువు వాటి మీద వెయ్యకండి. బైకు చైన్లు, లారీల కమాన్‌పట్టీలు చూడటానికి బాగుంటాయి. చైను వంపులకు చక్కగా లొంగుతుంది. కమాన్‌పట్టీని మాత్రం వంచాలని చూడకుండా దాని వంపునే వాడుకోండి.

కొన్ని వస్తువులు ఎంత ఊరించినా కొట్టు నుంచి తేవద్దు. మూత బిగించిన డ్రమ్ములు, షాక్ అబ్జార్బర్లు, ఫ్రిజ్ కంప్రెసర్ల మీద కట్టర్ పెడితే పేలే ప్రమాదం ఉంది. జింకు పూత ఉన్న పైపులు, రేకుల మీద వెల్డింగ్ చేస్తే వచ్చే తెల్లటి పొగ పీల్చినవాళ్లకు ఆ రాత్రే చలిజ్వరం వస్తుంది. పూత గీకేసి, గాలి ఆడే చోట చెయ్యాలి. పాత బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, సిమెంటు రేకులు అసలే వద్దు. సీసం, పాదరసం, ఆస్బెస్టాస్ పిల్లలు ఆడుకునే చోట ఉండాల్సినవి కావు. ఏ యంత్రంలోదో తెలియని బరువైన లోహపు డబ్బా కనిపిస్తే అక్కడే వదిలెయ్యండి. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో ఒక పాత ప్రయోగశాల పరికరాన్ని విప్పితే అందులో కోబాల్ట్-60 ఉంది. రేడియేషన్‌కు ఒక మనిషి చనిపోయాడు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు.

తుప్పు రంగు అలాగే ఉంచాలా, రంగు వెయ్యాలా అని అందరూ అడుగుతారు. ముట్టుకునే చోటైతే రంగు వెయ్యండి, బట్టలకు అంటుతుంది, గీసుకుంటుంది. తీగ బ్రష్‌తో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టి, పైన ఎనామిల్. పైన తుప్పు కనపడాలి, అంటకూడదు అనుకుని పారదర్శకమైన వార్నిష్ కొట్టినవాళ్లను చూశాను. మన ఎండకు రెండు మూడేళ్లలో అది పొరలు పొరలుగా లేస్తుంది. రంగు కన్నా ముఖ్యం నీళ్లు నిలవకుండా చూడటం. గిన్నెలా పైకి తెరుచుకున్న ప్రతి భాగానికీ అడుగున ఒక చిన్న రంధ్రం పెట్టించండి. ఇనుమును తినేది పడి జారిపోయే వాన కాదు, గేరు గుంటలో పది రోజులు నిలిచే నీళ్లు.

ఇంకొకటి, మే నెలలో ఇనుము కాలుతుంది. పిల్లల చెయ్యి అందే ఎత్తు వరకు రాయి గానీ బూడిద ఇటుక గానీ పెట్టి, ఇనుమును ఆ పైన మొదలుపెట్టడం మంచిది. రాయి కూడా వేడెక్కుతుంది, నిజమే, అందుకే ఆ భాగానికి చెట్టు నీడ చూసుకోండి.

బూడిద, బొగ్గు

రామగుండంలో బొగ్గుతో కరెంటు తీసే ఎన్టీపీసీ ఉంది, భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ ఉంది. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, 30 నుంచి 45 శాతం దాకా. కాలిన ప్రతి లారీ బొగ్గుకూ ఇంత బూడిద మిగులుతుంది. ఆ బూడిదతో ఇటుకలు చేసే యూనిట్లు ఈ జిల్లాల్లో చాలా ఉన్నాయి.

రాయినీ ఇనుమునూ మెచ్చుకునేవాళ్లు దీన్ని తక్కువగా చూస్తారు. నా ఉద్దేశంలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా మంచి సరుకు లేదు. సిమెంటు, సన్న ఇసుక, బూడిద కలిపి అచ్చులో పోస్తే ఆకు ఈనె కూడా దిగుతుంది. పాత గేరును తడిమట్టిలో అద్ది ఆ అచ్చులో పోసి చూడండి, పన్ను పన్నుకూ అంచు వస్తుంది. జాజు (ఎర్రమన్ను) గానీ రెడ్ ఆక్సైడ్ గానీ కలిపితే ఎరుపు, ఏమీ కలపకపోతే వానమబ్బు రంగు. ఈ ఇనుప ఆక్సైడ్ రంగులు ఎండకు వెలవవు, సిమెంటుకూ చెడవు.

దీనికి కావలసింది ఓపిక. బూడిద సిమెంటులోని సున్నంతో నెమ్మదిగా కలిసి గట్టిపడుతుంది. నాలుగో రోజు గోరుతో గీకి మెత్తగా ఉందని పారేసినవాళ్లు ఉన్నారు. రెండు వారాలకు తగ్గకుండా తడి గోనెసంచి కప్పి ఉంచండి. నెల తర్వాత కూడా దాని బలం పెరుగుతూనే ఉంటుంది. పెద్ద ముక్కలైతే లోపల తీగజాలి పెట్టాలి. పొడి కలిపేటప్పుడు మాస్కు ఇక్కడా తప్పదు.

పగిలిన పింగాణీ, గాజులు, టైల్స్ ముక్కలు ఉంటే ఈ సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే పొదగవచ్చు. చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే రోడ్డు ఇన్‌స్పెక్టర్ ఏళ్లతరబడి ఎవరికీ చెప్పకుండా ఇలాంటి చెత్తతోనే బొమ్మల లోకం కట్టుకున్నాడు. 1976లో దాన్ని జనానికి తెరిచారు, అదే ఇప్పటి రాక్ గార్డెన్. చేతికి తగిలే చోట గాజు అంచులు బయటికి రాకుండా చూసుకుంటే చాలు.

బొగ్గు మాత్రం వేరే కథ. గోదావరిఖనిలో పుట్టి పెరిగిన పిల్లలకు బొగ్గుతోనే పని చెయ్యాలని ఉండటం సహజం. నల్లటి మెరుపు, విరిచినచోట అద్దంలాంటి మొహం, చూస్తే ఎవరికైనా మనసవుతుంది. అయితే ఎండకూ వానకూ పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది, కుప్ప పోస్తే తనలో తానే వేడెక్కి రాజుకునే గుణం ఉంది. హాలు మధ్యలో బొగ్గు కుప్ప పోస్తానన్న ఒకబ్బాయిని నేను గట్టిగానే ఆపాను. గాజు పెట్టెల్లో పిడికెడు పిడికెడుగా పెట్టండి, కింద తెల్లటి ముగ్గు పరచండి, అదే ఎక్కువ కనపడుతుంది. బిల్లుతో కొన్న బొగ్గే వాడండి.

జాజు, ముగ్గు, పటిక

కరీంనగర్ ప్రదర్శన అమ్మాయికి నేను చెప్పింది ఈ దారి. వారం రోజులకు టన్నుల రాయి ఎందుకు? బతుకమ్మను పొద్దంతా పేర్చి సాయంత్రం చెరువులో విడిచే ఊళ్లు మనవి. నిలవని పని తక్కువ పని అని ఇక్కడ ఎవరూ అనుకోరు.

జాజు, ముగ్గుపిండి, పసుపుమన్ను, పలుగురాయి నలగ్గొట్టిన రవ్వ, అభ్రకం పొరలు. ఇవి అతుకు లేని సరుకులు. నేలమీద జల్లడమే, పోయడమే. కాబట్టి పగిలేదీ లేదు, ఊడేదీ లేదు. శత్రువులు రెండే, ఫ్యాను గాలి, జనం కాళ్లు. హాలు వాళ్లతో ఫ్యాన్ల గురించి ముందే మాట్లాడుకోండి. పొడి గోడకు నిలవాలంటే చేర్యాల నకాషీవాళ్ల పద్ధతి చూడండి. గుడ్డకు సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఆ పైన రంగు వేస్తారు. చింతగింజల జిగురు ఇంట్లో కాచుకోవచ్చు, పొయ్యి దించాక మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చిటికెడు కలిపితే పురుగు పట్టదు. పాతకాలం రంగురాళ్లన్నీ మంచివి మాత్రం కావు. ఇంగలీకంలో పాదరసం ఉంటుంది, హరిదళంలో ఆర్సెనిక్. ఎవరైనా అమ్మజూపినా తీసుకోకండి.

స్ఫటికాలు పెంచడం ఇంకో ముచ్చట. 2008లో లండన్‌లో రోజర్ హయోర్న్స్ అనే కళాకారుడు కూల్చబోయే ఫ్లాటులో 75,000 లీటర్ల మైలుతుత్తం ద్రావణం నింపాడు. కొన్ని వారాల తర్వాత తోడేస్తే గోడలు, పైకప్పు, స్నానాల తొట్టి అన్నీ నీలి స్ఫటికాలతో నిండిపోయాయి. మైలుతుత్తం మనకు కొత్త కాదు, పంట తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమానికి రైతులు కొనేదే. కానీ అది చేపలకు విషం. మిగిలిన నీళ్లు కాలువలోనో చెరువులోనో వదలకూడదు. దాంట్లో ఇనుము తగిలితే ఇనుము కరిగిపోతూ దానిమీద రాగి పేరుకుంటుంది, అంటే మీరు పెట్టిన ఇనుప చట్రాన్ని అదే తినేస్తుంది.

అందుకే నేను పటికకే ఓటేస్తాను. గుమ్మానికి దిష్టికి కట్టే పటికే. మరిగే నీళ్లలో ఎంత కరిగితే అంత కరిగించి, నూలు దారాలు వేలాడదీసి కదపకుండా వదిలితే తెల్లారేసరికి దారం మీద చక్కెర పలుకుల్లా మొదలై, రోజుల్లో గోరంత, వేలంత అవుతాయి. సాంచా కండెలకు చుట్టిన పాత నూలు మీద ఆ అమ్మాయి ఇప్పుడు ఇదే పెంచుతోంది. పొడి ఎండగాలికి పైన తెల్లటి పొడి పడుతుంది, తడి గుడ్డ తగిలితే కరుగుతుంది. కాబట్టి నీడపట్టు హాలుకే, అదీ కొన్నాళ్లకే.

ఇత్తడి, రాగి గురించి ఒక్క మాటే. పెంబర్తివాళ్ల చేతిలో అవి ఎంత అందమో మనకు తెలుసు. కాపలా లేని బహిరంగ స్థలంలో పెడితే రాగి పొద్దుటికి ఉండదు. ప్లాస్టిక్ సీసాలు, మూతలు ఎండకు రంగు వెలిసి, పెళుసై, ముక్కలై మట్టిలో కలుస్తాయి. బయట పెట్టే పనికి నేను వాటిని సిఫారసు చెయ్యను.

నేల కింద ఏముందో చూశారా

హెడ్మాస్టర్ గారి జాగాకు వెళ్లి నేను ముందు చేసిన పని గడ్డపారతో ఒక గుంట తవ్వించడం. మూడడుగుల దాకా నల్లరేగడే. ఎండాకాలం నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నేల మీద నేరుగా రాయి నిలబెడితే రెండో ఏడు ఒరుగుతుంది. ఆ నల్లమట్టి తీసేసి, మొరం పోసి దిమ్మిస కొట్టి, పైన కాంక్రీటు బెడ్ వెయ్యాలి. వాన లెక్క కూడా తక్కువ వేసుకోకండి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. నీళ్లు ఎటు పోతాయో చూసుకుని బెడ్‌ను నేలకన్నా జానెడు ఎత్తు పెట్టించండి. ఏప్రిల్, మే గాలిదుమారాలకు వెడల్పు రేకులు తెరచాపల్లా లాగుతాయి. పెద్ద రేకు బదులు చక్రాలు, చైన్లు, కడ్డీలు వాడితే గాలి మధ్యలోంచి పోతుంది.

ఆయనకు చివరికి చెప్పింది ఇదీ. కింద నాలుగు టాన్ బ్రౌన్ చెక్కలు, గరుకు మొహం బయటికి, ఒక్కొక్కటి మూడడుగుల ఎత్తు, బెడ్‌లోకి స్టెయిన్‌లెస్ కడ్డీలతో. మధ్యలో పిల్లలు అచ్చుపోసిన బూడిద పలకలు, ఒక్కో పలకలో ఒక్కో తరగతి వాళ్లు తెచ్చిన పనిముట్టు ముద్ర. పైన సాంచా ఫ్రేము, బోల్టులతో. ఇనుము రాతిని తాకే చోట రబ్బరు పట్టీ, వాన నీళ్లు తుప్పు మోసుకుని రాతిమీద కారకుండా ఇనుము అంచు రెండంగుళాలు బయటికి.

క్రేను ఖర్చు విని ఆయన కాసేపు మాట్లాడలేదు. మూడడుగుల బదులు రెండడుగుల చెక్కలు పెడదామా అన్నాడు. పెట్టొచ్చు, అప్పుడు ఫ్రేము పిల్లల చేతికి అందుతుంది కాబట్టి గేటు పక్కన ఉన్న వేపచెట్టు కిందికి జరపాలి అన్నాను. చెట్టు వేర్లు ఎటు పోయాయో చూసి వచ్చే శనివారం బెడ్‌కు ముగ్గు పోస్తున్నాం. ఏటా జూన్ మొదటి వారంలో బోల్టులు బిగించే పని పదో తరగతి వాళ్లది. దానికి కావలసిన పానా ఆఫీసు బీరువాలో ఉంటుందని ఆయన అప్పుడే రిజిస్టర్‌లో రాసుకున్నాడు.